మ్యాజిక్ కార్డుల ఆటలో గెలుపోటముల లెక్క రాసి డెక్‌ను బాగుచేసుకోవడం ఎలా?

పర్లాకిమిడి గంజపాలో ఎనిమిది రంగుల పేకైతే 96 గుండ్రటి ముక్కలు, రంగుకు 12. ఏ ముక్క పడిపోయిందో మనసులో పెట్టుకున్నవాడిదే అక్కడ పైచేయి. ఎవరి కార్డులు వాళ్లే ఎంచుకుని సొంత పేక (డెక్) కట్టుకుని ఆడే మ్యాజిక్ ద గ్యాదరింగ్‌లో ఆ విద్య సగమే పనికొస్తుంది. ఎదుటివాడి 60 కార్డుల్లో ఏమున్నాయో ముందుగా తెలియదు, వారం తిరిగేసరికి అతని డెక్కే మారిపోతుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్క ఆటను కాదు, నలభై యాభై ఆటలను. అది బుర్రతో అయ్యే పని కాదు. బుర్రకు నిన్నటి ఘోరమైన ఓటమే గుర్తుంటుంది, ఆ ఉక్రోషంలో మంచి కార్డు తీసి పారేస్తాం.

గుణుపురం, పర్లాకిమిడి, పాతపట్నం కుర్రాళ్లు శనివారం ఒక బల్ల చుట్టూ చేరి ఆడినా, ఎవరి ఫోన్‌లో వాళ్లు ఎరీనా (ఇదే ఆటకు ఫోన్, కంప్యూటర్ రూపం) ఆడినా పద్ధతి ఒకటే.

ముందు ఒక్క ప్రశ్న పెట్టుకోండి

"నా డెక్ మంచిదేనా?" అంటే ఏ లెక్కా జవాబు చెప్పలేదు. "24 ల్యాండ్‌లు (మిగతా కార్డులు ఆడటానికి శక్తినిచ్చే కార్డులు) చాలుతున్నాయా?", "రెండో వంతు వచ్చినప్పుడే, అంటే ఎదుటివాడు ఆట మొదలుపెట్టినప్పుడే ఎక్కువ ఓడుతున్నానా?" లాంటివి అడగండి. నెలకు ఒకటి చాలు.

పుస్తకంలో ఏం రాయాలి

ఒక పొడుగు నోట్‌బుక్ తీసుకుని ఆటకు ఒక వరుస కేటాయించండి. గళ్లు ఇవి: తేదీ, డెక్ నంబరు, ఎదుటి డెక్, మొదటి వంతా రెండో వంతా, మొదటి చేతిలో (మొదట వచ్చే ఏడు కార్డుల్లో) ఎన్ని ల్యాండ్‌లు, ఆ చేతిని ఉంచుకున్నారా, వదిలేసి కొత్తది తీసుకున్నారా, నాలుగో టర్న్‌కు నాలుగు ల్యాండ్‌లు దిగాయా, ఫలితం, కారణం. రాయడానికి అర నిమిషం మించితే మూడో వారానికి ఎవరూ రాయరు, కాబట్టి గళ్లు పెంచకండి.

మన పక్క బల్ల మీద ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో రాస్తారు, నెల తర్వాత కూడేటప్పుడు తికమక. ఎదుటి డెక్‌ను పేరుతో కాక రంగు చుక్కలతో రాసుకుంటే ఆ గొడవ ఉండదు. మ్యాజిక్‌లో రంగులు అయిదే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపులకు స్కెచ్ పెన్ చుక్క పెట్టండి, తెలుపుకు ఖాళీ సున్నా చుట్టండి. ఎరుపు-తెలుపు డెక్ అంటే ఒక ఎర్ర చుక్క, ఒక సున్నా.

చేతిని ఉంచుకున్నారో లేదో మొదటి కార్డు ఆడకముందే రాసేయాలి. ఆట ముగిశాక రాస్తే, గెలిచినప్పుడు రెండు ల్యాండ్‌ల చెయ్యి కూడా "మంచిదే"గా కనిపిస్తుంది, ఓడినప్పుడు మూడు ల్యాండ్‌లదీ చెడ్డదైపోతుంది. ఈ ఒక్క క్రమం తప్పితే మిగతా పుస్తకమంతా అబద్ధం చెబుతుంది.

కారణం గడిలో నాలుగు అంకెలే వాడండి: 1 ల్యాండ్‌లు తక్కువ, 2 ల్యాండ్‌లు ఎక్కువ, 3 నా తప్పు, 4 ఎదుటి డెక్ బలం. "అదృష్టం బాగాలేదు"కు అంకె ఇవ్వకండి. ఇస్తే అన్ని ఓటములూ అందులోకే చేరతాయి. కరెంటు పోయో, నెట్ తెగిపోయో ఆగిన ఆట ముందంజలో ఉన్నదైనా వెనకబడినదైనా విడిగా గుర్తుపెట్టి లెక్కలోంచి తీసేయండి. ఓడబోతున్నవి మాత్రమే తీసేయడం చాలామంది చేసే పని.

ల్యాండ్‌ల లెక్క

తొందరగా ఫలితం చూపేది ఇదే, ఎందుకంటే ఎలా ఉండాలో ముందే లెక్కగట్టవచ్చు. 60 కార్డుల్లో 24 ల్యాండ్‌లుంటే ఏడు కార్డుల మొదటి చేతిలో ఒక్కటీ రాకపోవడమో, ఒక్కటే రావడమో 14 శాతం సార్లు జరుగుతుంది. అంటే ఏడు ఆటలకు ఒకసారి. 22 ల్యాండ్‌లైతే అది 19 శాతం, 26 అయితే 10 శాతానికి కాస్త ఎక్కువ. మీ డెక్ అంకెలు కావాలంటే ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్‌లోనో హైప్‌జియోమ్‌డిస్ట్ (HYPGEOMDIST) అనే ఫార్ములా ఉంది. అందులో వరుసగా కావలసిన ల్యాండ్‌లు, చేతి కార్డులు, డెక్‌లోని ల్యాండ్‌లు, మొత్తం కార్డులు ఇవ్వాలి. 1, 7, 24, 60 ఇస్తే సరిగ్గా ఒక ల్యాండ్ వచ్చే అవకాశం 12.1 శాతమని చెబుతుంది. సున్నాకు మరోసారి వేసి రెండూ కలుపుకోండి.

ఇప్పుడు పుస్తకం తెరవండి. యాభై ఆటల్లో అలాంటి చేతులు ఏడు దాకా రావాలి. పది వచ్చినా కంగారు పడనక్కర్లేదు, అది మామూలు ఊగిసలాటే. పదిహేను వస్తే మాత్రం డెక్‌ను కాదు, పేక కలిపే తీరును అనుమానించండి. ఆట అయ్యాక ల్యాండ్‌లన్నీ ఒక గుట్టగా ఏరి, పైపైన రెండుసార్లు కలిపితే గుట్టలు గుట్టలుగానే వస్తాయి. వానాకాలం తేమకు స్లీవ్‌లు (కార్డుల ప్లాస్టిక్ తొడుగులు) ఒకదానికొకటి అంటుకుంటే మరీను. 52 ముక్కల పేకను రెండు భాగాలు చేసి ఒకదానిలోకి ఒకటి దూర్చే పద్ధతిలో ఏడుసార్లు కలపాలని బేయర్, డయాకొనిస్ 1992లో లెక్కకట్టి చూపారు. 60కి ఎనిమిదిసార్లు కలిపితే నిశ్చింత.

నాలుగో టర్న్ గడికీ కొలబద్ద ఉంది. 24 ల్యాండ్‌ల డెక్‌తో, చేతిని వదలకుండా, అదనంగా కార్డులు తీసే మంత్రాలేవీ లేకుండా ఆడితే, మొదటి వంతు వచ్చినవారికి నాలుగో టర్న్‌కు నాలుగు ల్యాండ్‌లు 63 శాతం సార్లు దొరుకుతాయి. రెండో వంతువారికి ఒక కార్డు ఎక్కువ కాబట్టి 73 శాతం. "ఎప్పుడూ మూడు దగ్గరే ఆగిపోతున్నాను" అనేవారు చాలామంది మామూలుగానే ఆగుతున్నారు. ఆడటానికి నాలుగు ల్యాండ్‌లు కావలసిన కార్డులు పదిహేను పెట్టుకుని ఈ 63 మీద ఆధారపడటమే అసలు జబ్బు.

ఎరీనా లెక్కను బల్ల లెక్కతో కలపకండి. ఒక్క ఆటతో తేలిపోయే పోటీల్లో ఎరీనా లోలోపల ఒకటికి మించి చేతులు పంచి, డెక్‌లోని ల్యాండ్‌ల నిష్పత్తికి దగ్గరగా ఉన్నదానికే మొగ్గు ఇస్తుంది. అందుకే 22 ల్యాండ్‌ల డెక్ ఫోన్‌లో సాఫీగా నడిచి, శనివారం బల్ల మీద చతికిలబడుతుంది.

ఎన్ని ఆటలైతే నమ్మవచ్చు

ఒకటిని ఆటల సంఖ్య వర్గమూలంతో భాగించండి, వచ్చిందే అటూ ఇటూ ఉండే తేడా. 25 ఆటలకు 20 శాతం, 100కు 10, 400కు 5. పాతికలో 15 గెలిస్తే 60 శాతం అని మురిసిపోతాం కానీ నిజం 40కీ 80కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అందుకే శనివారం బల్ల మీద గెలుపు శాతాన్ని పట్టుకుని వేలాడితే లాభం లేదు. చేతిలోని ల్యాండ్‌లు, నాలుగో టర్న్, కారణం అంకెలు చూడండి. కారణం గడిలో మూడో అంకె మొత్తం ఓటముల్లో సగం ఉంటే కార్డులు మార్చడం డబ్బు దండగ.

ఎరీనా ర్యాంకు ఆటల్లో మరో తిరకాసు. గెలిచేకొద్దీ గట్టివాళ్లు ఎదురవుతారు, కాబట్టి గెలుపు 50 శాతం చుట్టూ తిరుగుతుంది. శాతం పెరగలేదంటే ఆట మెరుగవలేదని కాదు.

ఒక్కో కార్డును తూచడం

నాలుగు ప్రతులున్న కార్డు మొదటి చేతిలో 40 శాతం ఆటల్లో వస్తుంది. అలా వచ్చిన ఆటలకు టిక్ పెట్టి, వచ్చినప్పటి గెలుపును రానప్పటి గెలుపుతో పోల్చండి. ఆట మధ్యలో చేతికొచ్చిన దానికి టిక్ పెట్టకండి. నిదానంగా ఆడే డెక్ అయితే, ఆట సాగిందంటేనే గెలుపు దగ్గరపడినట్టు. సాగిన ఆటల్లో ఎక్కువ కార్డులు కనబడతాయి కాబట్టి ప్రతి పెద్ద కార్డూ గొప్పదిగా కనిపిస్తుంది.

డ్రాఫ్ట్ (అప్పటికప్పుడు విప్పిన ప్యాకెట్లలోంచి కార్డులు ఎంచుకుని డెక్ కట్టే ఆట) ఆడేవారికి 17ల్యాండ్స్ సైట్‌లో వేల ఆటల లెక్క సిద్ధంగా ఉంటుంది. అయితే అక్కడ నమోదయ్యేవారు సగటు ఆటగాళ్ల కంటే మెరుగు, వాళ్ల సగటు గెలుపే 50 దాటుతుంది. సెట్ (ఒకేసారి విడుదలైన కార్డుల సమూహం) సగటు 55 అయితే 54 ఉన్న కార్డు సగటు కంటే తక్కువదే. దాని ట్రాకర్ కంప్యూటర్‌లో ఎరీనా రాసే లాగ్ ఫైలును చదువుతుంది, అందుకు ఎరీనా సెట్టింగుల్లో డీటెయిల్డ్ లాగ్స్ ఆన్ చేయాలి. ఫోన్‌లో ఆడినవి మీరే రాసుకోవాలి.

మార్చడం

ఒక విడతలో రెండు కార్డులకు మించి మార్చకండి. అయిదు మారిస్తే దేని వల్ల ఏమైందో తెలియదు. మార్చిన రోజు పుస్తకంలో అడ్డంగా గీత గీసి డెక్‌కు కొత్త నంబరు ఇవ్వండి, పాత ఆటలను కొత్త నంబరు కింద కూడవద్దు. ఆ తర్వాత ముప్పై ఆటల దాకా ఆ రెండిటినీ కదపకండి. బల్ల మీద అదే అయిదుగురితో ఆడుతుంటే వాళ్లూ మీ మార్పు చూసి తమ డెక్‌లు సర్దుకుంటారు. ఎదుటి డెక్ గడిలో చుక్కలు మారినట్టు కనిపిస్తే అక్కడా ఒక గీత గీయండి.