అరికాలి మంట, తిమ్మిరి: నరం ఎక్కడ నొక్కుకుపోతోంది?

పాదంలో మంట అనగానే చాలామంది విటమిన్ మాత్రలు కొని నెలల తరబడి మింగుతారు. నరం నొక్కుకుపోతుంటే ఆ ఒత్తిడి మాత్రలతో తగ్గదు. ముందు బాధ ఎక్కడుందో వేలు పెట్టి చూడండి.

సమస్య: అరికాలంతా మంట, ఎక్కువసేపు నిలబడితే, రాత్రిళ్లు మరీ ఎక్కువ.
కారణం: చీలమండ లోపలి ఎముక వెనుక ఇరుకు సందులో నరం నలుగుతుండవచ్చు. చదునుపాదం, పాత బెణుకు, గడ్డ ఇందుకు దారితీస్తాయి. అక్కడ వేలితో తట్టండి. అరికాలిలోకి జివ్వుమని పాకితే అనుమానం బలపడుతుంది.
పరిష్కారం: పాదం వంపునకు ఆనే మెత్తని చెప్పులు, కొన్ని వారాలు తక్కువ నిలబడటం. తగ్గకపోతే డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. గడ్డే నొక్కుతుంటే ఆపరేషన్ బాగా పనిచేస్తుంది.

సమస్య: మూడు, నాలుగు కాలివేళ్ల మధ్య మంట, బూటులో గులకరాయి ఉన్నట్టు.
పరిష్కారం: ముందుభాగం వెడల్పైన చెప్పులు, నొప్పి ఉన్నచోటుకు కాస్త వెనక మెత్త.

సమస్య: పాదం పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు ఈడ్చుకుపోతుంది.
కారణం: చాలాసార్లు తప్పు పాదంలో కాదు, మోకాలి కింద బయటి వైపు ఉంటుంది. అక్కడ నరం చర్మం కిందే ఎముకను చుట్టి వెళ్తుంది. పాలమూరు వేరుశనగ చేలలో గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసేవారికి అది నలిగే అవకాశం ఎక్కువ.
పరిష్కారం: అలా కూర్చోవడం మానాలి, పాదం వాలిపోకుండా పట్టీ కట్టించుకోవాలి, నరాల పరీక్ష చేయించుకోవాలి. ఆ నరం తాడులా మందంగా తగిలినా, ఒంటిపై స్పర్శ లేని మచ్చ ఉన్నా కుష్ఠు కావచ్చు. దయచేసి దాచుకోకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. ఆలస్యమైతే చచ్చుబడిన నరం తిరిగి కోలుకోకపోవచ్చు.

రెండు పాదాలూ మేజోళ్లు తొడిగినట్టు మొద్దుబారితే ముందు రక్తంలో చక్కెర చూపించుకోండి.

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవారి విషయం వేరు. ఎముక పెరిగి వెన్నుపామును, నరాలను నొక్కితే కాళ్లు బిగుసుకుపోతాయి, తిమ్మిరెక్కుతాయి. అప్పుడు చెప్పులు మార్చి లాభం లేదు, వెన్నుకు స్కానింగ్ తీయించాలి. కాళ్లలో బలం తగ్గుతూ మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.