ఫ్రెట్లు లేని షార్ట్ స్కేల్ బేస్: శ్రుతి ఎక్కడ తప్పుతుంది, ఎలా పట్టాలి

ఫ్రెట్లు అంటే గిటార్ నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు. అవి లేని బేస్ గిటార్, అదీ చేత్తో చేసిన సెమీ హాలో (లోపల కొంత డొల్లగా ఉండేది) అయితే, వాయించే ముందు ఒకసారి కొలిచి చూడండి. 30 అంగుళాల స్కేల్‌కి (స్కేల్ అంటే మోగే తీగ పొడవు) నట్ నుంచి, అంటే నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ నుంచి, 12వ ఫ్రెట్ చోటు చూపే పక్క చుక్క 381 మి.మీ. దూరంలో ఉండాలి. బ్రిడ్జి శాడిల్ (రెండో కొసన తీగ ఆనే చోటు) 762 కంటే రెండు మూడు మి.మీ. వెనక్కే ఉంటుంది, అది తప్పు కాదు. చుక్క అటూ ఇటూ పడి ఉంటే మాత్రం దాన్ని నమ్మకండి. సన్నటి టేపు ముక్కతో సరైన చోట గుర్తు పెట్టుకోండి.

తీగలు షార్ట్ స్కేల్‌కి చేసినవే, అదీ ఫ్లాట్‌వౌండ్ (చదునైన లోహపు చుట్టు ఉన్నవి) కొనండి. గుండ్రటి చుట్టున్న రౌండ్‌వౌండ్ తీగలు వేళ్లు నొక్కే రోజ్‌వుడ్ పలక మీద గాట్లు పెడతాయి.

అందరూ తడబడేది కుడిచేత్తో. అదే మందం తీగని అదే శ్రుతికి బిగిస్తే, 34 అంగుళాల బేస్ కంటే ఇక్కడ బిగువు ఐదో వంతు పైగా తక్కువ. గట్టిగా మీటితే తీగ సాగి స్వరం ముందు పైకెక్కి, తర్వాత దిగుతుంది. ఎడమచెయ్యి సరిగ్గానే ఉన్నా అపశ్రుతి వినిపించేది ఇందుకే. చెయ్యి తేలిక చేసి, ఆంప్ (యాంప్లిఫయర్) వాల్యూమ్ పెంచండి. బ్రిడ్జి వైపు మీటితే ఆ మూలుగు లాంటి నాదం వస్తుంది, నెక్ చివర మీటితే మెత్తగా ఉంటుంది.

ఎడమచేతి వేలి కొస ఫ్రెట్ గీత ఉండాల్సిన చోటే పడాలి. ఫ్రెట్ల బేస్ అలవాటున్నవాళ్లు గీతకి వెనక నొక్కి, ప్రతి స్వరాన్నీ తగ్గించేస్తారు. మొదటి అరస్వరం వెడల్పు దాదాపు 43 మి.మీ., 12 దగ్గర 23 మాత్రమే. అందుకే పైకి పోయేకొద్దీ వేళ్లు దగ్గరికి రావాలి. ఒకటో స్థానం (మొదటి ఫ్రెట్ ఉండాల్సిన చోటు) నుంచి నాలుగోదాకా 114 మి.మీ. సాగితే చాలు, పెద్ద బేస్‌లో అయితే 130. మెడ వంచి పక్క చుక్కల్ని చూస్తూ వాయిస్తే, కంటి కోణం వల్ల చుక్క జరిగినట్టు కనిపించి వేలు పక్కకి పడుతుంది.

సాధనకి తంబురా యాప్‌లో E శ్రుతి పెట్టండి. A తీగ రెండో స్థానంలో పంచమం, అంటే B, పట్టండి. తప్పితే తరంగాల్లా కంపనం వినిపిస్తుంది. వేలిని అర మిల్లీమీటర్ చొప్పున దొర్లిస్తే ఆ కంపనం నెమ్మదించి ఆగిపోతుంది, అక్కడే పంచమం. తర్వాత D తీగ రెండో స్థానంలో, A తీగ ఏడో స్థానంలో E. రెండూ ఒకే స్వరం, పోల్చి చూసుకోండి. ఇవి కుదిరాకే జారులు. జారేటప్పుడు ఒత్తిడి వదలకండి. వైబ్రాటోకి (స్వరాన్ని ఊపడానికి) తీగని పక్కకి లాగకూడదు, వయొలిన్‌లో లాగా వేలిని తీగ వెంట ఊపాలి.

స్టేజి మీద ఏదో ఒక స్వరం దగ్గరే హోరు మొదలైతే డొల్ల శరీరం పని అది. ఆంప్‌కి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడండి, ఆ స్వరం చుట్టూ ఈక్యూ (ఏ స్వరాలు ఎంత మోగాలో సర్దే మీట) తగ్గించండి. అప్పటికీ ఆగకపోతే ఎఫ్ ఆకారపు రంధ్రంలో ఫోమ్ ముక్క దూర్చండి. మొత్తం నింపకండి, డొల్ల నాదం పోతుంది.