సొరంగాలు, పునాదులు – 4వ పాఠం: ఇంటికీ సొరంగానికీ మధ్య పైల్స్ వరుస

సొరంగం తవ్వితే పైన నేల ఎందుకు కుంగుతుందో గత పాఠంలో చూశాం. తవ్వి తీసే మట్టి, సొరంగం ఆక్రమించే చోటు కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ మిగులునే వాల్యూమ్ లాస్ అన్నాం. ఆ కుంగుబాటు ఇంటి గోడ దాకా పాకకుండా మధ్యలో ఆపడం ఎలాగో ఇప్పుడు నేర్చుకుందాం.

హైదరాబాద్ మెట్రో మొదటి దశ మొత్తం స్తంభాల మీదే నడుస్తోంది, కింద చూస్తే గ్రానైట్, మనకెందుకీ గొడవ అనిపించవచ్చు. పూర్తిగా గట్టి రాతిలో సాగే సొరంగానికి నిజంగానే ఈ పాఠంతో పని లేదు. చిక్కంతా పైపొరలతోనే. ఇక్కడ బోరు వేయించినవాళ్లకు తెలుసు: ఒకచోట కాస్త లోతుకే రాయి తగులుతుంది, ఇంకోచోట ఎంత దిగినా మొరమే. సొరంగం పైసగం మొరంలో, కిందిసగం రాతిలో పడిందా, అంతకంటే చెడ్డ పరిస్థితి లేదు. సొరంగం తవ్వే యంత్రం కట్టర్లు రాతిని నెమ్మదిగా అరగదీస్తుంటే, ఈలోగా పైనున్న మొరం జారి లోపలికి వచ్చేస్తుంది.

ముందు లెక్క చేద్దాం. వ్యాసం 6.5 మీటర్లు, సొరంగం మధ్యభాగం లోతు 16 మీటర్లు, వాల్యూమ్ లాస్ 1 శాతం అనుకోండి. 1969లో అమెరికన్ ఇంజనీర్ పెక్ చూపిన గంట ఆకారపు కుంగుబాటు రేఖ ప్రకారం, బంకమట్టిలో సొరంగం మధ్యగీత నుంచి ఆ రేఖ వంపు మారే దూరం సుమారుగా లోతులో సగం, అంటే 8 మీటర్లు. సరిగ్గా సొరంగం పైన కుంగుబాటు (0.313 సూత్రంలోని స్థిరాంకం, 0.01 వాల్యూమ్ లాస్): 0.313 × 0.01 × 6.5² ÷ 8, అంటే దాదాపు 16.5 మిల్లీమీటర్లు. ఇంటి ముందు గోడ మధ్యగీతకు 8 మీటర్ల దూరంలో, వెనక గోడ 18 మీటర్ల దూరంలో ఉంటే ముందుది 10, వెనకది 1.3 మిల్లీమీటర్లు దిగుతాయి. పది మీటర్లలో 8.7 మిల్లీమీటర్ల తేడాకు భయపడనక్కరలేదు. కానీ రాయి, మొరం కలిసిన చోట వాల్యూమ్ లాస్ 3 శాతానికి చేరితే అన్నీ మూడింతలవుతాయి. తేడా 26 మిల్లీమీటర్లు. గోడలు బీటలు వారకుండా సాధారణంగా పెట్టుకునే పొడవులో 500వ వంతు (పది మీటర్లకు 20 మిల్లీమీటర్లు) హద్దు దాటిపోయినట్టే.

ఇక పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు. మధ్యగీతకు 6 మీటర్ల దూరంలో, సొరంగానికీ ఇంటికీ మధ్య ఒక వరుస వేస్తాం. కొత్తవాళ్లు వీటిని ఇంటికి ఆసరా అనుకుంటారు. కాదు. ఇంటి బరువు వీటి మీద పడదు, పునాదిని ఇవి తాకవు. సొరంగం వైపు మట్టి కదిలితే ఆ కదలిక అవతలికి పోకుండా అడ్డుకోవడమే వీటి పని.

అందుకే అన్నిటికంటే ముఖ్యం పైల్ అడుగు ఎక్కడ ఆగిందన్నది. మన లెక్కలో సొరంగం కప్పు 12.75 మీటర్ల లోతున, అడుగు 19.25 మీటర్ల లోతున ఉన్నాయి. 12 మీటర్లకే ఆపిన పైల్ కదిలే మట్టిలోనే వేలాడుతుంది. మట్టితో పాటు తానూ దిగుతుంది, పైగా తన కాంక్రీటు బరువు అదనం. అలాంటి వరుసకు ఖర్చు పెట్టడం కన్నా మానేయడం మేలు. అడుగు సొరంగం కిందికి దిగాలి, లేదా కదలని రాతిలో గట్టిగా నాటుకోవాలి. ఇక్కడ గ్రానైట్ మనకు కలిసొస్తుంది: కాలు రాతిలో ఇరుక్కున్న పైల్ కిందికి దిగదు, గరుకైన ఒంటితో పక్క మట్టిని కూడా పట్టి ఉంచుతుంది. గుండ్రాళ్లు అడ్డొస్తే డ్రిల్లింగ్ నత్తనడకన సాగుతుంది, దానికి సిద్ధపడాలి. గుండును రాతిపొరగా పొరబడి అక్కడే ఆపేస్తే మొదటికే మోసం. రాయి తగిలాక కూడా కొంత లోతు దాకా తవ్వి, వచ్చిన ముక్కలను చూడండి.

పైల్స్ ఒకదానికొకటి తాకనక్కరలేదు. కాస్త సందున్నా మట్టి వాటి మధ్య కమానులా బిగుసుకుంటుంది. పైన అన్నిటినీ కలిపి ఒక దూలం పోస్తారు. బార్సిలోనాలో సగ్రాద ఫమీలియా చర్చి పక్కగా 2010లో రైలు సొరంగం తవ్వడానికి ముందు 1.5 మీటర్ల వ్యాసమున్న పైల్స్‌తో సుమారు 40 మీటర్ల లోతు దాకా ఇలాంటి గోడే కట్టారు.

‘తవ్వడానికి ముందు’ అన్నానుగా, ఆ మాట మరవకండి: పైల్స్ కోసం తవ్వే గుంత కూడా నేలను కదిలిస్తుంది. సొరంగం యంత్రం రాకముందే పని పూర్తి చేసి, ఇంటి గోడల మీద లెవెల్ గుర్తులు పెట్టి, పైలింగ్ రోజుల్లోనే రీడింగులు మొదలుపెట్టాలి. ఇంకో మాట, కాస్త కటువుగానే చెబుతాను. యంత్రం ముందు ఒత్తిడిని నిలకడగా ఉంచి, సొరంగం గోడగా అమర్చే కాంక్రీటు రింగుల వెనక సందులో గ్రౌటు (సిమెంటు ముద్ద) సకాలంలో నింపితే వాల్యూమ్ లాస్ తగ్గుతుంది, దాంతో కుంగుబాటూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అది చేయకుండా పైల్స్ మీద భారం వేయడం నాకు నచ్చదు.

ఇంటి పని: పై లెక్కలో వంపు మారే దూరానికి లోతులో సగం (0.5) బదులు మొరానికి 0.35 వాడి, వాల్యూమ్ లాస్ 1 శాతంతోనే మళ్లీ చేయండి. సొరంగం పైన కుంగుబాటు 23.6 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, ఇంటి ముందు గోడ దగ్గర మాత్రం 8.5కు తగ్గుతుంది. ఎందుకో రాసుకుని, 6 మీటర్ల దగ్గర వేసిన వరుస ఈ మట్టిలో అంతే అవసరమా అని ఆలోచించండి. వచ్చే పాఠంలో పైల్ వంగడాన్ని లెక్కిద్దాం.