కడిగిన ఫిల్మ్ చెడిందా? ముందు అంచు చూడండి

నెల్లూరు, ఒంగోలు వైపు 16 ఎం.ఎం. నలుపు-తెలుపు నెగటివ్‌ను స్పైరల్ ట్యాంకులో (ఫిల్మ్‌ను సుడిగా చుట్టి మందుల్లో ముంచే మూత డబ్బా) సొంతంగా కడుక్కునే చిన్న ల్యాబ్ కోసం ఇది. రీలు సరిగ్గా రాకపోతే చాలామంది డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను పైకి తెచ్చే మందు) పారబోసి కొత్తది కలుపుతారు. అంతకంటే ముందు ఫిల్మ్ అంచు చూడాలి. కంపెనీ పేరు, నంబర్లు అక్కడ ఫ్యాక్టరీలోనే వెలుతురుతో పడి ఉంటాయి. వాటితో కెమెరాకు సంబంధం లేదు. అందుకే తప్పు షూటింగ్‌దా, ల్యాబ్‌దా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

బొమ్మ పల్చగా వచ్చింది

అంచు అక్షరాలు నల్లగా ఉండి బొమ్మ ఒక్కటే వెలవెలబోతే షూటింగ్‌లో వెలుతురు చాలలేదు. అక్షరాలూ పల్చబడితే డెవలపర్ పాతదైనా అయ్యుండాలి, చల్లగానైనా ఉండాలి, లేదా టైము తగ్గి ఉండాలి. అక్షరాలు కూడా లేకుండా రీలంతా తేటగా ఉంటే డెవలపర్ పూర్తిగా చచ్చిపోయింది, లేదంటే డెవలపర్ కంటే ముందే ఎవరో హైపో (బొమ్మను నిలబెట్టే మందు, అంటే ఫిక్సర్) పోశారు. ఆ రీలును ఇక ఎవరూ బతికించలేరు. కాబట్టి రీలు వేసే ముందు పనికిరాని ఫిల్మ్ ముక్కను గది లైటులోనే డెవలపర్‌లో ముంచండి. మామూలు టైములో అది కారునలుపు కావాలి.

పాలు కలిసినట్టు మసకగా ఉంది

హైపో చాలలేదు, అంతే. మళ్లీ హైపోలో వేస్తే తేటపడుతుంది. డెవలపర్‌లో వేయని ఫిల్మ్ ముక్క ఒకటి హైపోలో వేసి ఎంతసేపట్లో తేటపడుతుందో చూసి, దానికి రెట్టింపు సేపు రీలును ఉంచండి. కొత్త హైపోకు పట్టిన టైముకు రెట్టింపు పట్టిందంటే దాన్ని మార్చే వేళయింది.

బొమ్మ ఉండే జెలటిన్ పూత మెత్తబడింది, అంచుల్లో లేచింది, సన్నటి ముడతలు పడింది

మన దగ్గర ఎక్కువ రీళ్లను చెడగొట్టేది ఇదే. రోహిణి కార్తెలో మిద్దె మీది ట్యాంకు నీళ్లలో చెయ్యి పెట్టలేం. ఆ వేడికి పూత ఉబ్బుతుంది. 22 డిగ్రీల డెవలపర్ నుంచి తీసి ఆ నీళ్ల కింద పెడితే ఉబ్బిన పూత ముడతలు పడుతుంది, లేదా ఊడి వస్తుంది. పడిన ముడత ఇక పోదు.

డెవలపర్‌ను ఐస్‌తో చల్లబరిచి, కడిగే నీళ్ల సంగతి మరిచిపోతుంటారు. డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, హైపో, కడిగే నీళ్లు, నాలుగూ దాదాపు ఒకే వేడిలో ఉండాలి. రాత్రే డ్రమ్ములు నింపి నీడన పెట్టి తెల్లవారుజామున పని మొదలుపెట్టండి. ఐస్‌ను మందులో వేయొద్దు, నీళ్లయి మందును పల్చన చేస్తుంది. కవర్లో గట్టిగా కట్టి ముంచండి. 20 డిగ్రీలకు దించడం మే నెలలో ఒక యజ్ఞం. 24 దగ్గర ఆగి టైము తగ్గించుకోవడం నయం: 20 దగ్గర 8 నిమిషాలు పట్టేది 24 దగ్గర సుమారు ఐదు నిమిషాల నలభై ఐదు సెకన్లు. ఐదు నిమిషాల లోపుకు దిగితే నలుపు సమంగా రాదు.

పూత గట్టిపడేందుకు పటిక హార్డెనర్ ఉన్న యాసిడ్ ఫిక్సర్ వాడండి. కొట్లో కొన్న పటికను ఉత్త హైపోలో కలిపితే మందే పాడవుతుంది.

ఆరాక తెల్లటి మచ్చలు

ఇది నీళ్లలోని సున్నం పని. బకెట్లకు తెల్లగా పట్టుకట్టే బోరు నీళ్లయితే మచ్చ ఖాయం. కనిగిరి, పొదిలి వైపు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, ఫిల్మ్‌కు ఇబ్బంది అందులోని కాల్షియంతో. కడగడానికంతా ఆర్వో నీళ్లు కొంటే ఖర్చు తట్టుకోలేం. మందులు కలపడానికి, చివరి ముంపుకు మాత్రం 20 లీటర్ల క్యాన్ వాడండి. ఆ చివరి నీళ్లలో వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు చుక్కలుగా నిలవకుండా జారేలా చేసే మందు) నాలుగు చుక్కలు చాలు, ఎక్కువైతే అదే మరకవుతుంది. వచ్చిన మచ్చలకు 2 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో కాసేపు ముంచి మళ్లీ కడిగితే చాలాసార్లు పోతాయి.

నిలువు గీతలు

షూట్ చేయని ఫిల్మ్ కొంచెం కడిగి చూడండి. దాని మీదా గీత ఉంటే తప్పు ల్యాబ్‌ది: నీళ్లు తుడిచే రబ్బరులో ఇసుక రేణువో, చుట్టే చోట గరుకో. లేకపోతే కెమెరా గేటు (లెన్స్ వెనక ఫిల్మ్ నిలిచే చోటు) శుభ్రం చేయాలి. నెగటివ్ పూత వైపు గీత ప్రింటులో నల్లగా, వెనక వైపు గీత తెల్లగా పడుతుంది.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల రోజుల్లో ఫిల్మ్ త్వరగా ఆరదు. సీలింగ్ ఫ్యాన్ కింద వేస్తే గదిలోని దుమ్మంతా తడి పూతకు అంటుతుంది. తలుపులున్న బీరువా లాంటి పెట్టెలో వేలాడదీసి, కింద చిన్న బల్బు వెలిగించి మెల్లగా ఆరనివ్వండి. తడి ఆరకుండా డబ్బాలో పెట్టిన రీలుకు బూజు పడుతుంది.

రంగుల సినిమా నెగటివ్ సంగతి వేరు. దానికి డెవలపర్ 41.1 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు, పదో వంతు డిగ్రీ తేడా కూడా లెక్కే. వెనక నల్లటి కార్బన్ పొర ఉన్న ఫిల్మ్ అయితే దాన్ని ముందే క్షార ద్రావణంలో నాననిచ్చి తుడిచేయాలి. అలాంటి రీలును ఊళ్లోని ఫోటో స్టూడియో మెషిన్‌కు మాత్రం ఇవ్వొద్దు. ఆ నలుపు వాళ్ల మందంతా పాడు చేస్తుంది.

వాడేసిన హైపోలో వెండి ఉంటుంది. కాలువలోనో, రొయ్యల చెరువు పక్కనో పారబోయకండి. స్టీల్ ఊల్ వేసిన డబ్బా గుండా మెల్లగా పోనిస్తే ఇనుము కరిగి వెండి కిందికి దిగుతుంది.