కాలనీ నక్షా చదువుదాం – 3వ పాఠం: కారణం అడగొద్దు, కాగితం అడగండి

పోయిన పాఠంలో మీ సేల్‌డీడ్ చివర ఉండే షెడ్యూల్ పేజీ తీసి రెవెన్యూ గ్రామం, మండలం, సర్వే నంబరు, లేఅవుట్ నంబరు ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. కాలనీ పేరు పోస్ట్‌మ్యాన్‌కి తెలుస్తుంది. రికార్డుల గదిలో ఫైలు దొరకాలంటే మాత్రం గ్రామం పేరు, సర్వే నంబరు కావాలి.

ఈ పాఠాలకు హైదరాబాద్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. మన లెక్క ఒకటే: లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలం కాగితం మీద ఎంత ఉంది, ఎక్కడ ఉంది?

దీన్ని తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. నేను మొదటిసారి రాసిన దరఖాస్తులో "పార్కు స్థలంలో కట్టడానికి ఎందుకు అనుమతించారు? బాధ్యులెవరు?" అని అడిగాను. నెల తర్వాత ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: ప్రశ్నలు సమాచారం కిందకు రావు. చాలా కోపం వచ్చింది. తర్వాత చట్టం చదివితే తప్పు ఎక్కడుందో తెలిసింది. 2005 సమాచార హక్కు చట్టం మనకు ఇచ్చేది ఆఫీసులో ఇప్పటికే ఉన్న రికార్డు. ఆఫీసు దగ్గర లేని సమాచారాన్ని మన కోసం కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అందుకే "ఎందుకు" అనే మాట దరఖాస్తులోకి రానివ్వకండి. ఆ "ఎందుకు"కి జవాబు ఏ కాగితంలో ఉంటుందో ఆలోచించి, ఆ కాగితం నకలు అడగండి.

పార్కు విషయంలో అలాంటి కాగితాలు ఇవి. ముందుగా డ్రాఫ్ట్ లేఅవుట్ నక్షా, ఫైనల్ లేఅవుట్ నక్షా. రెండూ అడగాలి, ఎందుకంటే మొదటిదానికీ రెండోదానికీ మధ్య గీతలు మారి ఉండొచ్చు. తర్వాత మంజూరు ఉత్తర్వు, దాంట్లోని షరతులతో సహా. అన్నిటికన్నా గట్టిది గిఫ్ట్ డీడ్. లేఅవుట్ వేసినవాళ్లు రోడ్లు, ఖాళీ స్థలాలు స్థానిక సంస్థకు రాసిచ్చిన రిజిస్టర్డ్ పత్రం అది. అందులో విస్తీర్ణం గజాల్లోనో చదరపు మీటర్లలోనో, హద్దులతో సహా ఉంటుంది.

ఇలా రాయండి:

"సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) ప్రకారం, ఫలానా మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఇంతలోని ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఇంత లేఅవుట్‌కు సంబంధించి డ్రాఫ్ట్, ఫైనల్ నక్షాలు, మంజూరు ఉత్తర్వు, ఖాళీ స్థలాల గిఫ్ట్ డీడ్, వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. అదే సర్వే నంబరు కనిపించే మాస్టర్ ప్లాన్ షీటు నకలును, రంగుల వివరణ పట్టికతో కలిపి ఇవ్వగలరు. ఈ ఫైలును స్వయంగా తనిఖీ చేయడానికి తేదీ, సమయం తెలియజేయగలరు."

అంతే. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) స్పష్టంగా అంటుంది.

మాస్టర్ ప్లాన్ అంటే ఏ స్థలాన్ని దేనికి వాడాలో రంగులతో చూపే నక్షా. అందుకే రంగుల పట్టిక అడగడం మర్చిపోకండి. అది లేకపోతే చేతికొచ్చిన షీటు చదవలేం. హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది. ఊరంతటికీ ఒకే మాస్టర్ ప్లాన్ లేదు. పాత ఎంసీహెచ్ (హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ప్రాంతానికి ఒకటి, పాత హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) ప్రాంతానికి ఒకటి, సైబరాబాద్‌కు, ఎయిర్‌పోర్ట్ ప్రాంతానికి, ఔటర్ రింగ్ రోడ్డు గ్రోత్ కారిడార్‌కు వేర్వేరుగా ఉన్నాయి. వీటి బయటి ప్రాంతానికి 2013 జనవరిలో వచ్చిన 2031 మెట్రోపాలిటన్ ప్లాన్ ఉంది. మీ గ్రామం ఏ ప్లాన్ కిందకు వస్తుందో తెలియకపోతే "వర్తించే మాస్టర్ ప్లాన్" అని రాస్తే చాలు.

షీటులో మీ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందని తేలినా చెరువు పక్కనైతే అక్కడితో ఆగకండి. 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ వదలాలని 2012 నాటి బిల్డింగ్ రూల్స్ చెబుతున్నాయి. దానికి ఎఫ్‌టీఎల్ మ్యాప్ విడిగా అడగాలి.

ఎవరికి పంపాలి? హుడా గానీ, దాని స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏ గానీ మంజూరు చేసిన లేఅవుట్ అయితే హెచ్‌ఎండీఏ పౌర సమాచార అధికారికి పంపండి. ఆఫీసు తప్పినా టెన్షన్ పడొద్దు. సంబంధిత ఆఫీసుకు 5 రోజుల్లో బదిలీ చేయాల్సిన బాధ్యత సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లదే. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీ స్టాంపు అంటించొచ్చు. చేతికి ఇస్తే మీ కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో పంపితే రసీదు దాచండి. 30 రోజుల గడువు దరఖాస్తు వాళ్లకు అందిన రోజు నుంచి నడుస్తుంది. మామూలు పేజీకి 2 రూపాయలు. పెద్ద నక్షాలకు తయారీ ఖర్చును బట్టి అడుగుతారు. డబ్బు కట్టమని ఉత్తరం వస్తే వెంటనే కట్టండి. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు దాకా గడువు లెక్క ఆగిపోతుంది.

తనిఖీని మాత్రం ఎవరూ వదులుకోవద్దని నా గట్టి కోరిక. మొదటి గంట ఉచితం, ఆపైన ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. ఫైలు చేతిలోకి రాగానే నక్షా వైపు వెళ్లకండి. ముందు నోట్ ఫైల్ చదవండి. ఏ ఉద్యోగి ఏ తేదీన ఏమి రాశారో, ఎవరు అభ్యంతరం చెప్పారో, ఆ అభ్యంతరం ఎలా దాటిపోయిందో వరసగా ఆ పేజీల్లోనే ఉంటుంది. నేను మొదటి దరఖాస్తులో అడిగిన "ఎందుకు"కి జవాబు చివరికి అక్కడే దొరికింది. కావలసిన పేజీల నంబర్లు రాసుకుని, వాటి నకళ్లు అక్కడికక్కడే అడగండి. ఇద్దరు వెళ్లడం మంచిది, ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాసుకోవచ్చు.

ఈ వారం పని: పైన ఇచ్చిన దరఖాస్తును మీ వివరాలతో చేత్తో రాయండి. రాశాక "ఎందుకు", "ఎవరు బాధ్యులు", "చర్య తీసుకోండి" అనే మాటలు ఎక్కడున్నా కొట్టేసి, మళ్లీ శుభ్రంగా రాసి పంపండి. 30 రోజులు దాటినా జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఎలా వేయాలో 4వ పాఠంలో రాద్దాం. దానికి ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న మీ కాపీ కావాలి.