డెబియన్ 12 నుంచి 13కు మారే ముందు

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో వెర్షన్ 13 'ట్రిక్సీ' 2025 ఆగస్టు 9న విడుదలైంది. 12తో నడుస్తున్న సర్వర్‌ను దానికి మార్చాలనుకునేవారు ఒక పూట కేవలం సన్నాహాలకే కేటాయించండి. 11 మీద ఉన్నవారు నేరుగా 13కు దూకకూడదు. ముందు 12కు రావాలి.

బ్యాకప్ అనగానే డేటా ఒక్కటే గుర్తొస్తుంది. ఈటీసీ డైరెక్టరీలోని అమరికలు, ఏ ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్) ఏ స్థితిలో ఉందో డీపీకేజీ (ప్యాకేజీలను పెట్టి, తీసే డెబియన్ సాధనం) రాసుకునే వివరాలు కూడా అంతే ముఖ్యం. వాటిని మరో కంప్యూటర్‌లో దాచి, ఒక ఫైలైనా తిరిగి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను నమ్మను.

డీపీకేజీ ఆడిట్ నడిపితే ఇన్‌స్టలేషన్ సగంలో ఆగిన ప్యాకేజీలు బయటపడతాయి. వాటిని ముందే సరిచేయాలి. గతంలో హోల్డ్‌లో (అప్‌గ్రేడ్ కాకుండా ఆపి) పెట్టి మరిచిపోయిన ప్యాకేజీలు ఉన్నాయేమో వెతకండి. బయటివారి రిపాజిటరీలను (డెబియన్‌వి కాని ప్యాకేజీ నిల్వలను) తాత్కాలికంగా ఆపేయండి. బూట్ విభాగంలో కొత్త కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగానికి) చోటుందో లేదో చూసుకోండి.

దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) పని చేస్తుంటే, కనెక్షన్ తెగినా పనిని ఆగనివ్వని టీమక్స్‌లోనో స్క్రీన్‌లోనో మొదలుపెట్టండి. లేకపోతే కనెక్షన్ తెగిన క్షణంలో అప్‌గ్రేడ్ కూడా మధ్యలో ఆగిపోవచ్చు. కొత్త కెర్నల్‌తో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరు మారే అవకాశమూ ఉంది. అందుకే ఎస్‌ఎస్‌హెచ్ పనిచేయకపోయినా సర్వర్ కన్సోల్‌ను చేరే మరో దారి సిద్ధంగా ఉంచుకోవాలి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది తొలగింపు జాబితా గురించి. కొత్త ప్యాకేజీలు చేర్చకుండా మొదట మామూలు అప్‌గ్రేడ్ చేసి, ఆ తర్వాతే ఫుల్ అప్‌గ్రేడ్‌కు వెళ్లండి. ఈ రెండోది అవసరమనుకుంటే ఉన్న ప్యాకేజీలను తీసేస్తుంది. తీసేసేవాటి పేర్లు ముందే చూపించి అనుమతి అడుగుతుంది. ఒకసారి ఆ పేర్లు చదవకుండా సరేనన్నాను. వాటిలో మెయిల్ సర్వర్ ఉంది. ఆ రోజు ఉత్తరాలు ఆగిపోయాక గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు ముందుగా సిమ్యులేషన్ (ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపే నడక) నడిపి, ఆ జాబితాను ఫైల్‌లోకి తీసుకుని పేరు పేరునా చూస్తాను.

మీరు మార్చుకున్న కాన్ఫిగరేషన్ ఫైల్ ఎదురైతే పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని డీపీకేజీ అడుగుతుంది. తేడా చూసి నిర్ణయించండి. సందేహముంటే పాతదే ఉంచండి. కొత్తది డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో పక్కనే ఉంటుంది, తీరిగ్గా పోల్చుకోవచ్చు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవారికి మరో మాట. డెబియన్ 12లో దాని వెర్షన్ 15, డెబియన్ 13లో 17. డేటా దానంతట అది కొత్త వెర్షన్‌లోకి రాదు. ముందే డంప్ (డేటా నకలు) తీసి ఉంచండి. క్లస్టర్‌ను (ఆ డేటాబేస్‌ల సమూహాన్ని) 17కు మార్చి, అప్లికేషన్ సరిగ్గా నడుస్తోందని చూసుకునేవరకు 15ను తొలగించకండి.