గేర్‌బాక్స్‌ను తిట్టే ముందు: స్పోర్ట్స్ కారుకి మాన్యువలా, ఆటోమేటిక్కా?

పాలకొల్లులో మా ఇంటి ముందు సంక్రాంతి మూడు రోజులూ ఒకటే పంచాయితీ. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో కొత్త కారులో దిగిన తమ్ముడో బావమరిదో తాళాలు నా చేతిలో పెట్టి, "ఒక రౌండ్ వేసి చెప్పు, ఇది ఉంచుకోనా, మార్చేయనా?" అంటాడు. మాన్యువల్ కొన్నవాడికి ఆటోమేటిక్ మీద మనసు, ఆటోమేటిక్ కొన్నవాడికి మాన్యువల్ మీద మనసు. నేను పదకొండేళ్లుగా మాన్యువలే నడుపుతున్నాను. మా అన్నయ్యది డీసీటీ, అంటే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్. రెండూ ఈ కాలువ గట్ల మీదే తిరిగిన కార్లు. వాటితో నాకు అర్థమైంది ఇది: గేర్‌బాక్స్ మీద వేసే నిందల్లో చాలావరకు సీటుకో, కాలికో, రోడ్డుకో చెందాల్సినవి. ముందు జబ్బేమిటో తేలాలి. కారు మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.

"ట్రాఫిక్‌లో ఎడమ మోకాలు లాగేస్తోంది"

స్పోర్ట్స్ కారు ఇంజిన్ టార్క్ ఎక్కువ. ఆ లాగుడుకి క్లచ్ ప్లేటు జారకుండా ఉండాలంటే ప్రెషర్ ప్లేటు గట్టిగా పట్టుకోవాలి. అందుకే పెడల్ మామూలు కారు కంటే బరువుగా ఉంటుంది. కానీ నొప్పికి అదొక్కటే కారణం కాదు. క్లచ్ పూర్తిగా నేలకి నొక్కి మోకాలు చూసుకోండి. కాలు కర్రలా చాపుకుపోయిందంటే సీటు వెనక్కి ఎక్కువైంది, నడుముతో నొక్కుతున్నారన్నమాట. పూర్తిగా నొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు ముందుకి జరపండి. గేరు మార్చాక కాలు పెడల్ మీదే ఆనించే అలవాటుంటే మానేయండి. దానివల్ల కాలికి విశ్రాంతి ఉండదు, క్లచ్ బేరింగ్ కూడా తొందరగా అరుగుతుంది.

రెండు వారాలు ఇలా నడిపినా నొప్పి తగ్గలేదు, రోజూ కొవ్వూరు–రాజమండ్రి వంతెన మీదో భీమవరం టౌన్‌లోనో తిరగక తప్పదు అంటే మాత్రం ఆటోమేటిక్కే మీ మందు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. నొప్పితో నడిపేవాడికి ఏ కారూ ఆనందం ఇవ్వదు.

"గేరు కర్రుమంటోంది, రివర్స్ పడట్లేదు"

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు కింద మ్యాట్ ఎత్తి చూడండి. మన వైపు కంపెనీ మ్యాట్ మీద ఇంకో కొబ్బరి పీచు పట్టా వేయడం మామూలు. పెడల్ కిందికి వెళ్లే చివరి అంగుళం ఆ పట్టాకి ఆనుకుని ఆగిపోతుంది, క్లచ్ పూర్తిగా విడదు. మా వీధిలో ఒక కారుకి గేర్‌బాక్స్ దించాలని అంచనా కూడా వేశారు. పట్టా తీసేస్తే రివర్స్ మెత్తగా పడింది. పట్టా లేకపోయినా శబ్దం వస్తుంటే క్లచ్ ఆయిల్ మట్టం, తర్వాత క్లచ్ ప్లేటు చూపించండి.

"వంతెన ఎక్కుతుంటే కాలిన వాసన వస్తోంది"

డెల్టా అంటే చదును అనుకుంటాం గానీ మన కాలువ వంతెనలు చాలావరకు గూనివి. పాత లాకుల దగ్గర ఎక్కుతుంటే బానెట్ తప్ప ముందు ఏమీ కనపడదు. ధాన్యం బస్తాల ట్రాక్టరు సరిగ్గా ఆ ఎక్కుడు మధ్యలోనే ఆగుతుంది. దాని వెనక మనం.

దాళ్వా కోతల రోజుల్లో ఒకసారి మా బావమరిది కారులో పక్క సీట్లో కూర్చున్నాను. డ్రై క్లచ్ డీసీటీ. ట్రాక్టరు రెండడుగులు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. మావాడు బ్రేకు నొక్కకుండా, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి, కారు వెనక్కి జారకుండా వాలులో నిలబెట్టాడు. అలా ఒక నిమిషం. ఇస్త్రీ పెట్టె కింద బట్ట మాడినప్పుడు వచ్చే ఘాటు ఏసీలోంచి కొట్టింది. "బావా, ఆ ట్రాక్టర్ బ్రేకులు కాలుతున్నట్టున్నాయి" అన్నాడు. ఈలోపు మీటర్‌లో గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక వెలిగింది. "ట్రాక్టర్‌ది కాదురా, మనదే. ముందు బ్రేకు నొక్కు" అన్నాను. వంతెన దిగాక చెట్టు కింద ఆపి, ఇంజిన్ ఆపకుండా పార్కులో వదిలేశాం. పావుగంటకి హెచ్చరిక పోయింది, వాసన మాత్రం ఇంటికొచ్చేదాకా ఉంది.

అసలు సంగతేమిటంటే, డీసీటీలో క్లచ్ పెడల్ లేదు గానీ క్లచ్‌లు రెండున్నాయి. ఒకటి 1, 3, 5 లాంటి బేసి గేర్లకి, రెండోది 2, 4, 6 లాంటి సరి గేర్లకి. కారు నత్తనడక నడిచేటప్పుడు కంప్యూటర్ మన తరఫున హాఫ్ క్లచ్ వేస్తుంది. వాలులో యాక్సిలరేటర్‌తో కారుని పట్టి ఉంచితే, మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టినట్టే. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారుతూ వేడెక్కుతాయి. డ్రై రకంలో ఆ వేడిని మోసుకుపోయే నూనె ఉండదు. వెట్ క్లచ్ రకంలో ప్లేట్లు నూనెలో తడుస్తుంటాయి కాబట్టి ఇంకాస్త ఓర్చుకుంటుంది. టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో నిలబడ్డ చోటు నుంచి కదలడం ద్రవం మీదే జరుగుతుంది. ఆగి కదిలే రోడ్లకి అన్నిటికంటే నింపాదైనది అదే.

ఇక మందు. ఆగితే బ్రేకు గట్టిగా నొక్కండి, ఆగాక బ్రేకుని తనే పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఉంటే వేసుకోండి. ముందు బండి అడుగు కదిలిందని మీరూ అడుగు కదలకండి. కారు పొడవంత ఖాళీ వచ్చేదాకా ఆగి, అప్పుడు తడబడకుండా యాక్సిలరేటర్ ఇచ్చి వెళ్లండి. క్లచ్ పూర్తిగా పట్టుకుంటే జారుడు ఉండదు, వేడీ ఉండదు. మాన్యువల్ వాళ్లు హ్యాండ్‌బ్రేక్ వేసి ఆగండి. క్లచ్ వదులుతుండగా బానెట్ కొంచెం లేచినట్టు అనిపించగానే హ్యాండ్‌బ్రేక్ దించండి. వాలులో కారు వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ ఉందిగా అని దాన్నే నమ్ముకోవద్దు. అది పట్టుకునేది రెండు మూడు సెకన్లే.

ఇదంతా చదివి "రోజుకి ఇలాంటి వంతెనలు నాలుగు దాటాలి, ఇంత జాగ్రత్త నా వల్ల కాదు" అనిపిస్తే డ్రై క్లచ్ డీసీటీ మీకు వద్దు. మాన్యువల్ గానీ, టార్క్ కన్వర్టర్ గానీ చూడండి.

"ఓవర్‌టేక్ చేయబోతే కారు ఆలోచిస్తోంది"

ప్రాణం మీదికి తెచ్చే ఫిర్యాదు ఇది. 216 హైవే మీద దిండి నుంచి రాజోలు వైపు వెళ్తుంటే ముందు కొబ్బరికాయల లారీ, ఎదురుగా ఖాళీ కొంచెమే. యాక్సిలరేటర్ తొక్కుతారు, ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది.

డి (మామూలు డ్రైవ్) మోడ్‌లో మైలేజీ కోసం గేర్‌బాక్స్ పై గేరులో కూర్చుని ఉంటుంది. డీసీటీ తన లెక్క ప్రకారం పక్క గేరు ఒకటి సిద్ధంగా పెట్టుకుంటుంది. మీరు ఆరు నుంచి నాలుగు అడిగితే ఆ రెండూ ఒకే క్లచ్ మీద ఉన్న గేర్లు. అందుకే రెండు గేర్లు ఒకేసారి దిగడానికి ఎక్కువ సమయం పడుతుంది. దాని మీద టర్బో ఊపందుకునే ఆలస్యం ఇంకొంచెం.

లారీ వెనక ఉండగానే ఎస్ (స్పోర్ట్) మోడ్‌లో పెట్టండి, లేదా స్టీరింగ్ వెనక గేరు దించే మీట, అదే ఎడమ ప్యాడిల్, రెండుసార్లు లాగండి. ఆర్‌పీఎం 3000 దగ్గరికి వచ్చాక రోడ్డు చూసుకుని కుడికి రండి. మాన్యువల్‌లోనూ ఇంతే, ముందు థర్డ్‌లోకి దిగి తర్వాత బయటికి రావాలి. కుడికి వచ్చేశాక గేరు వెతుక్కోకూడదు. ఇలా చేసినా ఆలస్యం పోకపోతే అది టర్బోది. గేర్‌బాక్స్ మార్చి లాభం లేదు, ఇంజిన్ వేరేది చూసుకోవాలి.

"మాన్యువల్ కొన్నా, మజా లేదు"

మన రోడ్లు కాలువ పక్కన గీత గీసినట్టు పోతాయి. మలుపు లేనిచోట గేరు మార్చే పనేముంటుంది? పెద్ద ఇంజిన్ కారైతే సెకండ్ గేరులోనే హైవే లిమిట్ దాటిపోతుంది. ఒకసారి తెల్లవారుజామున బయల్దేరి రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లండి. అక్కణ్ణించి చింతూరు వైపు ఘాట్‌లో సెకండ్, థర్డ్ మధ్య చెయ్యి ఖాళీగా ఉండదు. పాదం, చెయ్యి, చెవి ఒకే లయలో పడతాయి. నా పదకొండేళ్ల మాన్యువల్ ప్రేమంతా ఆ మలుపుల్లో పుట్టిందే. అక్కడ కూడా మీకు ఏమీ అనిపించకపోతే సందేహం లేకుండా ఆటోమేటిక్ కొనుక్కోండి. ఏడాదికి రెండుసార్లు కూడా కొండ ఎక్కనివాళ్లకీ నా సలహా అదే.

ఇంకో కారణం మైలేజీ పిచ్చి. 40 స్పీడుకే ఐదో గేరు వేస్తే టర్బో పెట్రోల్ ఇంజిన్ దడదడలాడుతుంది. లాగుడు ఉండదు సరికదా, ఇంజిన్‌కీ మంచిది కాదు.

"ఆటోమేటిక్ అంటే స్పోర్ట్స్ కారే కాదంటున్నారు"

వేగం మాటైతే ఆ వాదన ఎప్పుడో ముగిసింది. 1989లో ఫెరారీ స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉన్న కారుతో ఫార్ములా వన్‌లో దిగి, బ్రెజిల్‌లో మొదటి రేసే గెలిచింది. 460 హార్స్‌పవర్‌తో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం2 ఆటోమేటిక్ 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 4.1 సెకన్లు, మాన్యువల్‌కి 4.3. పోర్షే 911 జీటీ3 (992 తరం) పీడీకేతో (పోర్షే వాళ్ల డీసీటీ) 3.4, మాన్యువల్‌తో 3.9.

అయితే అదే పోర్షే 2013లో జీటీ3ని ప్యాడిల్స్‌తోనే ఇస్తే మాన్యువల్ ఏదని అభిమానులు అడిగారు. 2017లో మాన్యువల్‌ని వెనక్కి తెచ్చింది. ఆలస్యమవుతుందని తెలిసీ కొన్నారంటే వాళ్లకి కావాల్సింది ఆ అర సెకను కాదు, గేరు తమ చేత్తో పడటం. స్నేహితుల మాట పక్కన పెట్టి, మీకు ఈ రెండింట్లో ఏది కావాలో చూసుకోండి.

"వానలో ఆగిపోయింది, ట్రాక్టర్‌కి కట్టి లాగొచ్చా?"

మాన్యువల్ అయితే న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, టో హుక్‌కే తాడు కట్టి నెమ్మదిగా కొంతదూరం లాగొచ్చు. ఆటోమేటిక్‌ని వద్దు. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లలో నూనె పంపు తిరిగేది ఇంజిన్ తిరిగితేనే. ఇంజిన్ ఆగి చక్రాలు తిరిగితే లోపలి భాగాలు నూనె లేకుండా రాసుకుంటాయి. పార్కులో ఉండగా లాగితే ఇంకా ఘోరం. కారు మొత్తాన్ని ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండి పిలిపించండి, కారు ఎత్తు తక్కువని ఫోన్‌లోనే చెప్పండి. బ్యాటరీ దిగితే సెకండ్ గేరులో తోసి స్టార్ట్ చేసే వీలు కూడా మాన్యువల్‌కే. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే మాత్రం గేర్‌బాక్స్ ఏదైనా స్పోర్ట్స్ కారు ఇంట్లోనే ఉండాలి.

"ఇంకా తేల్చుకోలేకపోతున్నాను"

షోరూమ్ వాళ్లు హైవే మీద పావుగంట తిప్పితే ఏమీ తెలియదు. పూటంతా ఇమ్మని అడగండి. సాయంత్రం భీమవరం బజారులో అరగంట, ఏదైనా గూని వంతెన మీద ఆగి కదలడం నాలుగుసార్లు, చించినాడ వంతెన దాటి హైవే మీద ఒక ఓవర్‌టేక్. రోజూ వేసుకునే చెప్పులతోనే నడపండి. ఇంట్లో రెండో డ్రైవర్ ఎవరైతే వాళ్లనీ తీసుకెళ్లండి. ఆవిడో నాన్నగారో క్లచ్‌తో ఇబ్బంది పడితే ఆ కారు వారంలో ఐదు రోజులు షెడ్డులోనే ఉంటుంది.

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ లాంటివి రెండు గేర్‌బాక్స్‌లతోనూ వచ్చాయి. అలాంటి కారైతే రెండూ ఒకే రోజు, ఒకే దారిలో నడిపి చూడండి.

చివరిగా సర్వీస్. క్లచ్ ప్లేటు మార్చే చెయ్యి మన ఊళ్లలో దొరుకుతుంది. డీసీటీ లోపలి కంట్రోల్ యూనిట్ పోతే స్కానర్, ఆ పనిలో శిక్షణ ఉన్న మనిషి, విడిభాగం మూడూ కావాలి. ఆ పని రాజమండ్రిలోనే చేస్తారా, వైజాగో విజయవాడో పంపుతారా, ఎన్ని రోజులు పడుతుంది, వారంటీ గేర్‌బాక్స్‌కి ఎన్నేళ్లు వర్తిస్తుంది అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.